మేస్త్రి ముక్కు

పోయిన నెల మా అన్న కొడుకు కొత్త కారు కొన్నాడు. ఊళ్ళో అందరిలాగే మేమూ దాన్ని అలిపిరికి తీసుకుపోయి పూజ చేయించాం. పూజారి బానెట్టుకు పసుపు, కుంకుమ పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు సర్దాడు. పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి అగ్గిపుల్ల తీశాడు. "ఒక్క నిమిషం స్వామీ" అని నేను ముందుకు పోయాను. డెబ్బై దాటిన ఆడమనిషిని, నడిరోడ్డు మీద వంగి, కారు ముందర ముక్కు పెట్టి గట్టిగా గాలి పీల్చాను. అది చాలక వెనక చక్రం దగ్గరికి పోయి అక్కడా పీల్చాను.

"అత్తా, షోరూములోంచి నేరుగా వస్తా ఉంది బండి" అన్నాడు వాడు, సిగ్గుతో చితికిపోతూ. వాడి పెళ్ళాం నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలామె ఒక్కతే నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఆ మేస్త్రికి ఏమైతావు మా?" అని అడిగింది.

"ఏ మేస్త్రి?"

"ఇంకే మేస్త్రి? పెరటాసి శనివారాలొస్తే సాలు, ఇసక బక్కెట్టు ఎత్తుకోని ఈడికొచ్చి కూసుండేవాడే. కర్పూరం ఎలిగించకముందు బండ్లకు వాసన సూసేవాడే. ఆయప్ప పోయి రెండేండ్లాయె."

నేను ఆమె పక్కనే గట్టు మీద కూర్చుండిపోయాను. టెంకాయ పగిలింది, హారతి నా దాకా వచ్చింది, కళ్ళకద్దుకున్నాను. నాకు ఎండ దెబ్బ తగిలిందనుకుని మావాళ్ళు సోడా తెచ్చి తాగించారు. కారు నేర్పిన మనిషి, ముక్కు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళయిందని ఒక పూలమ్మే ఆమె చెబితే గాని నాకు తెలియలేదు. దానికి సోడా ఏం చేస్తుంది?

అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. పేరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. రేణిగుంట రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఆయనది. పొట్టి మనిషి. మోకాళ్ళ పైకి మడిచి కట్టిన లుంగీ, ఏ రంగో చెప్పలేని చొక్కా. అంత పేరు మోసిన ముక్కు ఎంత ఉంటుందో అని చూస్తే మాత్రం ఆశాభంగమే. శెనగ్గింజంత ముక్కు. స్పానరు ఎప్పుడూ ఎడం చేత్తోనే పట్టేవాడు. కుడిచెయ్యి పూర్తిగా ముడుచుకునేది కాదు. అరచేతి చర్మం బిగుసుకుపోయి లేత రంగులో మెరుస్తూ ఉండేది. పుట్టుకతోనే అంత అని నేను అనుకున్నాను.

"అవుతుంది" అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఏ బండి తెచ్చినా "సూస్తాం" అనేవాడు. ఎప్పటికవుతుందంటే "సూస్తాం." అసలు బాగవుతుందా అంటే "సూస్తాం గదా." ఈ మాటతో విసిగిపోయి సగంమంది ఇంకో షెడ్డుకు పోయేవాళ్ళు. పోతుంటే ఆపేవాడు కాదు. మిగిలిన సగంమంది మాత్రం చచ్చినా ఇంకొకరితో బండి ముట్టించేవాళ్ళు కారు.

ఆ షెడ్డుకు ఒక చాదస్తం ఉండేది. గుమ్మం పక్కన మేకుకు ఒక బిస్కెట్ల డబ్బా వేలాడేది. లోపలికి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, లారీ ఓనరైనా, పోలీసు అయినా, జేబులో అగ్గిపెట్టె తీసి ఆ డబ్బాలో వేసి రావాలి. పోయేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకోవచ్చు. బీడీ తాగాలంటే ముప్పై అడుగుల అవతల టీ అంగడి. ఇంతవరకు అందరికీ అర్థమయ్యేదే. కాని ఆయుధపూజ నాడు ఊళ్ళో ప్రతి షెడ్డులోనూ కర్పూరం వెలిగించి గుమ్మడికాయలు పగలగొడుతుంటే, ఆయన షెడ్డులో కుంకుమ, పూలు, నిమ్మకాయ, అంతే. దీపం లేదు, ఊదుకడ్డీ లేదు, హారతి లేదు. తిరుపతిలో ఉంటూ హారతి ఇవ్వని మనిషి గురించి జనం ఊరుకుంటారా? "ఆయప్పకు సామంటే పడదంట" అన్నారు కొందరు. "మతం మారినాడంట" అన్నారు ఇంకొందరు. మేస్త్రి వాళ్ళ బండ్లనూ అంతే శ్రద్ధగా బాగుచేసి పంపేవాడు.

మా నాయన ఆయన దగ్గరికి పోయింది డెబ్బైల చివర, ఒక ఎర్ర కారు పుణ్యమా అని.

నాయన బెల్లం వ్యాపారి. తిరుపతి బజారులో అంగడి. చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన బెల్లం అచ్చును విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ ఊరి గానుగదో, పాకం ముదిరిందో లేతదో చెప్పేసేవాడు. నుదుట నామం, పంచె, భుజాన కండువా, మొలలో ఎప్పుడూ చిన్న ఇత్తడి డబ్బీలో కర్పూరం. అంత నిదానస్తుడు జీవితంలో చేసిన పిచ్చిపని ఒక్కటే. నేను బడికి పోయే రోజుల్లో బెంగుళూరికి ఏదో పెళ్ళికని బస్సులో పోయిన మనిషి, తిరిగి రావడం రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్సు కారులో వచ్చాడు. దేశం విడిచి పోతున్న ఎవరో దొర దాన్ని అమ్మేశాడట. పైన గుడ్డ కప్పు ఒకటి ఉండేదిగాని అది పలమనేరు గాలికే చిరిగిపోయింది. ఇంట్లో ఉండేది ఏడుగురం, కారులో పట్టేది ఇద్దరు. మా అమ్మ వాకిట్లోకి వచ్చి చూసి, "నెత్తిన కప్పు లేని బండిలో నన్ను బజారంతా ఊరేగిస్తావా? నేనెక్కను" అని లోపలికి పోయింది. ఉన్నన్నాళ్ళూ ఎక్కలేదు.

ఆ రాకలోనే మొగిలి ఘాటు దిగుతూ నాయనకు భయం పుట్టి మొక్కుకున్నాడట. క్షేమంగా ఇల్లు చేరిస్తే ఈ బండిని కొండకు తెచ్చి నీకు చూపిస్తాను స్వామీ, అని. అమ్మ లేకుండా కొండకు పోవడం ఇష్టం లేక ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు అని జరుపుతూ వచ్చాడు. ఆ తరవాత అమ్మే పోయింది. కారును బెల్లం గోడౌనులోకి తోశారు. అక్కడ దానికి చీమలు, ఎలుకలు, పందికొక్కులు స్నేహితులయ్యాయి.

అప్పటికి నేను తిరుపతిలోనే ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఒక ఎండాకాలం నాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే నన్ను మంచం దగ్గరికి పిలిచి, "మొక్కు తీరలేదమ్మా" అన్నాడు. "వచ్చే పెరటాసి శనివారాల్లో బండి కొండకు పోవాల. నేను తోలలేను. నువ్వు తోలు." సెప్టెంబరు నడుమ మొదలయ్యే అరవనెల పెరటాసి; ఆ నెల శనివారాలంటే స్వామికి ఎంత ప్రీతో మావైపు వేరే చెప్పక్కర్లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈయన కోరికలేమన్నా ఉంటే ఈ ఏడాదిలోపల తీర్చేయండి అన్నాడు. నాయన దగ్గర ఆ మాట దాచాను. నా మొహం చూసి ఆయన కనిపెట్టేశాడు.

మొదట వేరే మెకానిక్కు వచ్చి రెండు రోజుల్లో బండి స్టార్టు చేసి చూపించాడు. నాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పెట్రోలు వాసన గుప్పుమంటోందని నేనంటే, "పెట్రోలు బండి పెట్రోలు వాసన కాకుండా మల్లెపూల వాసన వస్తుందా?" అని నన్ను ఆటపట్టించాడు. బండి వీధి చివరిదాకా పోయి ఆగిపోయింది. అక్కడి నుంచి దాన్ని ఎడ్లబండికి కట్టి మేస్త్రి షెడ్డుకు తీసుకుపోయాం.

నాయన దగ్గర అగ్గిపెట్టె లేదు. మేస్త్రి ఆయన మొల వైపు చూపించి, "ఆ డబ్బీలో ఏముండాది సెట్టిగారూ?" అన్నాడు.

"కర్పూరం."

"అదీ డబ్బాలో ఎయ్యండి."

"కర్పూరం దానంతట అదే అంటుకుంటుందా అప్పా?" అన్నాడు నాయన, కోపం వచ్చి.

"అంటుకోదు. ఏసి రండి." గొంతు పెంచకుండా అన్నాడు. నాయన గొణుక్కుంటూ ఇత్తడి డబ్బీని బిస్కెట్ల డబ్బాలో వేశాడు. పోయేటప్పుడు ఆ కోపంలోనే తీసుకోవడం మరిచిపోయాడు.

మేస్త్రి బానెట్టు ఎత్తలేదు. చేతులు వెనక కట్టుకుని, కళ్ళు మూసుకుని, కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. ముందు ఒకసారి, తలుపు కింద ఒకసారి, వెనక చాలాసేపు. తరవాత వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన గోటికి తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. పెట్రోలు ట్యాంకు కారుతుంటే ముందటి మెకానిక్కు బట్టల సబ్బు రుద్ది మూసేశాడు. రోడ్ల మీద అందరూ చేసే పనే అది. మేస్త్రి కొళాయి దగ్గరికి పోయి ఆ చెయ్యి కడిగాడు, మళ్ళీ కడిగాడు, కడుగుతూనే ఉన్నాడు. నాకది వింతగా అనిపించింది.

"ట్యాంకు నుంచి ఇంజనుదాకా పైపులన్నీ మార్చాల" అన్నాడు వచ్చి.

"ఎన్ని రోజులు?"

"సూస్తాం."

మరుసటి వారం మేము పోయేసరికి పాత రబ్బరు పైపులన్నీ తీసి గోనెపట్టా మీద వరసగా పరిచి పెట్టాడు. కొన్ని ఎలుకలు కొరికినవి. మిగిలినవి చూడటానికి నల్లగా, బాగానే ఉన్నాయి. "రబ్బరుకు వయసు పైకి కనపడదు అమ్మణ్ణీ. వంచితేనే తెలుస్తాది" అని ఒకటి నా చేతికిచ్చాడు. వంచాను. లోపలి పగుళ్ళన్నీ ఒక్కసారిగా నోళ్ళు తెరిచాయి. నాయనా ఒకటి వంచి చూశాడు. "నా గుండెకాయ నరాలూ ఇట్లే ఉన్నాయని డాక్టరు చెప్పినాడు మేస్త్రీ. వాటినీ మార్చేస్తావా?" అన్నాడు. మేస్త్రి ఆలోచించి, "సూస్తాం" అన్నాడు. నాయన పడీపడీ నవ్వాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు. ఆ క్షణం నుంచి మేస్త్రి అంటే నాకు ఇష్టం.

ఆ కారుకు వెనకవైపు కరెంటుతో పనిచేసే చిన్న పెట్రోలు పంపు ఉండేది. తాళం తిప్పగానే టకటకటక కొట్టుకునేది. "తాళం తిప్పినాక ఎంటనే స్టార్టు సేయొద్దు అమ్మణ్ణీ" అని నాకు నేర్పాడు మేస్త్రి. "పంపు మాట్లాడతాది, ఇను. పైపుల్లో పెట్రోలు నిండేదాకా గబగబా మాట్లాడతాది. నిండినాక నోరు మూసుకుంటాది. మూసుకుంటేనే బండి కదిలించు." కాలేజీలో నేను అందరికీ పాఠం చెప్పేదాన్ని. ఆ షెడ్డులో నేను బుద్ధిగా తల ఊపే విద్యార్థిని.

మొదటి శనివారం పోయింది. రెండోదీ పోయింది. ఆ ఏడాది పెరటాసికి నాలుగే శనివారాలు. మూడో శనివారం పొద్దున్నే నాయన తలస్నానం చేసి, నామం దిద్దుకుని, పట్టుపంచె కట్టి షెడ్డు ముందు దిగాడు. వెనక నేను. ట్యాంకుకు కొత్త అతుకు, కొత్త రబ్బరు పైపులు, కొత్త క్లిప్పులు. బండి తళతళలాడుతోంది.

"ఈ పొద్దు పోవాల మేస్త్రీ" అన్నాడు నాయన.

"తాళం తిప్పి ఇనండి సెట్టిగారూ."

తిప్పాను. పంపు టకటకా కొట్టుకుని ఆగింది. నాయన గర్వంగా నావైపు చూశాడు. మేస్త్రి వేలు పైకెత్తి ఉండమన్నాడు. ఉన్నాం. రోడ్డు మీద ఒక బస్సు పోయింది. ఇంకొకటి పోయింది. అప్పుడు కారు వెనకనుంచి 'టక్' అని ఒక్క దెబ్బ వినపడింది.

"అది" అన్నాడు మేస్త్రి.

"ఏది?"

"ఆ ఒక్క దెబ్బ. నిండినాక మళ్ళీ కొట్టిందంటే యాడో బొట్టు బయటికి పోతా ఉండాది. యాడో నాకు ఇంకా దొరకలేదు. ఈ పొద్దు బండి కదలదు."

"ఒక్క బొట్టుకా!" నాయన గొంతు లేచింది. "నాకుండేవి నాలుగు శనివారాలు, మూడోది ఇది. వచ్చే శనివారానికి నేను బతికుంటానని రాసిస్తావా నువ్వు? పెద్దాయప్పను, గుండె బాగలేని మనిషిని, ఒక్క బొట్టు కోసం వాకిట్లో నిలబెడతావా? తాళం నాది. నా బండి. తోలమ్మా!"

నేను స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. నాయన ఛాతీ ఎగిసిపడుతోంది. ఎవరి మాట వినాలో నాకు నిజంగా తెలియలేదు.

మేస్త్రి కారుకు అడ్డం రాలేదు. నాయన ముందుకు వచ్చి కుడి అరచెయ్యి చాపాడు.

"ఆరేండ్లాయె. నగరి పక్కనుంచి వచ్చినారు, మగ్గాల పని సేసేవాళ్ళు. ఇట్లనే పెరటాసి శనివారం. ట్యాంకు కారతా ఉండాది. 'సబ్బు పెట్టు సాలు, కొండ దిగినాక సరిసేద్దువు' అన్నారు. పెట్టినా. నేనూ అలిపిరిదాకా పోయినా వాళ్ళతో. పూజారి సామి కర్పూరం ఎలిగించబోతే గాలికి ఆరిపోతా ఉండాది. నేనే సెప్పినా సెట్టిగారూ. ఆ ఎనక సక్రం సాటున పెట్టండి సామీ, గాలి తగలదు, అని. నేనే."

చాపిన అరచేతిని తనూ ఒకసారి చూసుకున్నాడు.

"వాళ్ళ పెద్దామె కారెక్కతా ఉండాది. కారిన పెట్రోలు భగ్గుమని సీర అంటుకునింది. ఈ సేత్తోనే ఆర్పినా. బతికింది. కాళ్ళు రెండూ కాలినాయి. ఆస్పత్రికి పోయి ఆ కాళ్ళకాడ పడినా. 'నీ సెయ్యి అడ్డం పడకుంటే సచ్చిపోయుందును నాయనా, సామే నిన్ను పంపినాడు' అనింది. ఆమె తిట్టింటే బాగుండు. సెప్పుతో కొట్టింటే బాగుండు. సామి పంపినాడంట నన్ను!"

నాయన ఆ అరచేతిని చూస్తూ ఉండిపోయాడు. ఛాతీ మెల్లగా నెమ్మదించింది. నాలో ఒక్క పిసరు కోపం మిగిలి ఉంటే అదీ పోయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని చాదస్తుడని ఇంట్లో అనుకరించి నవ్వించినందుకు సిగ్గేసింది.

"మూటలో ఒక్క అచ్చు పులిసిందని నా ముక్కుకు తెలిస్తే నేనూ ఆ మూట అమ్మను మేస్త్రీ" అన్నాడు నాయన చివరికి. తాళం తీసి ఆయన ఎడంచేతిలో పెట్టాడు. "వెతుకు. వచ్చే శనివారం వస్తాం. నేను ఉంటాలే."

ఆ వారం నేను రోజూ కాలేజీ అయ్యాక షెడ్డుకు పోయాను. ఇంట్లో నాయన మాత్రలు మింగుతూ, మెట్లు ఎక్కకుండా, కోపం తెచ్చుకోకుండా తనను తాను మహా జాగ్రత్తగా దాచుకున్నాడు. ఇక్కడ మేస్త్రి కారు కింద పడుకుని ఒక్కో జానెడూ వాసన చూస్తూ పోయాడు. బుధవారం దొరికింది. బండి అడుగున ఉండే చాసిస్ చట్రం అడ్డపట్టీ లోపలినుంచి పోయే పాత ఇనుప గొట్టం ఒకటుంది. చూడటానికి గట్టిగా ఉందని దాన్ని ఒక్కదాన్ని మార్చకుండా వదిలేశాడు. బిగింపు కింద ఏళ్ళ తరబడి రాసుకుని, వెంట్రుకంత చీలిక వచ్చింది. అక్కడ చెమట పట్టినట్టుగా తడి.

"తప్పు నాదే" అన్నాడు నాతో. "సూపుకు బాగుండాదని వదిలేసినా. మళ్ళా అదే తప్పు."

రాగి గొట్టం తెచ్చాడు. దాన్ని వంచాలంటే ముందు ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. షెడ్డులో మంట పెట్టడు గదా, దాన్ని భుజాన వేసుకుని పాత్రలు చేసే వాళ్ళ వీధికి నడిచిపోయి కాల్పించుకుని వచ్చాడు. వంపు దగ్గర నొక్కుకుపోకుండా స్వర్ణముఖి ఏటి ఇసుకను చీరగుడ్డలో జల్లించి గొట్టం నిండా కూరాడు. రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, మోకాలికి ఆనించి, పసిపిల్లకు గాజు తొడిగేంత నెమ్మదిగా వంచాడు. ఆపైన ఇసుక దులిపి, పెట్రోలుతో కడిగి, ఆ పెట్రోలును తెల్లగుడ్డలో వడకట్టి చూశాడు. ఒక్క ఇసుక రేణువు కనపడింది. మళ్ళీ కడిగాడు. గుడ్డ మీద ఏమీ కనపడనిదాకా కడుగుతూనే ఉన్నాడు. ఆ ఓపిక నేను ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తాళం తిప్పమన్నాడు. పంపు గబగబా మాట్లాడి ఆగింది. ఇద్దరం కదలకుండా విన్నాం. తెప్పించిన టీ చల్లబడి మీగడ కట్టింది. బస్సులు పోయాయి, లారీలు పోయాయి. వెనకనుంచి చప్పుడు లేదు.

"నోరు మూసుకునింది" అని నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది.

శనివారం నాయన కండువా గాలికి ఎగురుతుంటే, బజారు బజారంతా నిలబడి చూస్తుంటే అలిపిరికి పోయాం. మేస్త్రి మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. పక్కన ఇసుక నింపిన బక్కెట్టు. దాన్ని బస్సులో తెచ్చినందుకు కండక్టరు తిట్టిన తిట్లు మాకు వరసగా వినిపించాడు. కారు చుట్టూ తిరిగి వాసన చూసి, "ఎలిగించుకోండి సామీ" అని పూజారికి చెప్పి, బక్కెట్టు పట్టుకుని పదడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. హారతి పళ్ళెం ఆయన దగ్గరికి వస్తే, "సెయ్యి మురికిగా ఉండాది సామీ" అని తల దించుకున్నాడు. ఆ చెయ్యి శుభ్రంగానే ఉంది. సబ్బు ముట్టని మనిషి ఆ రోజు సున్నిపిండితో తోముకుని వచ్చాడు.

"నువ్వు ఇంటికి పో అప్పా, మేం వచ్చేసరికి పొద్దు వాలుతుంది" అన్నాడు నాయన.

"ఈడే ఉంటా" అన్నాడు మేస్త్రి.

ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకూ నాయన గోవిందా అని అరిచాడు. గోవిందకు గోవిందకు మధ్య, "గేరు మార్చు" అని నన్ను తిట్టాడు. పైన జనం నేల ఈనినట్టున్నారు. గోపురం కనపడే చోట బండి ఆపమని, సీటులో నిలబడి చేతులు జోడించాడు. "ఆలస్యమైంది స్వామీ. ఇదిగో బండి. బాగుందా?" అన్నాడు. పక్కనున్న యాత్రికులు ఆయన్ని విడ్డూరంగా చూశారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మ ఎక్కనన్న బండిలో నేను కూర్చుని ఏడ్చాను.

దిగి వచ్చేసరికి ఎండ కొండ పైకి జరిగింది. మేస్త్రి పొద్దున నిలబడిన చోటే బక్కెట్టు పక్కన కూర్చుని ఉన్నాడు. అన్నం తిన్నట్టు లేదు. ఇంజను కాగిపోయి ఉంది, బానెట్టు మీద చెయ్యి పెట్టలేం. ఆయన మాతో మాట్లాడకుండా కళ్ళు మూసుకుని చుట్టూ తిరిగాడు. వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు మొహం ఆనించి, చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచాక చొక్కా జేబులోంచి నాయన ఇత్తడి డబ్బీ తీశాడు.

"ఇది మీదే సెట్టిగారూ. ఆ పొద్దు మరిసిపోయినారు. కర్పూరం హరించుకుపోకుండా మిరియాలు ఏసి పెట్టినా." ఇచ్చేవాడల్లా ఇవ్వకుండా ఆగాడు. "ఎక్కేముందు ఎలిగిస్తే ఏముండాది? అప్పుడు ఇంజను సల్లగా ఉంటాది. దిగినాకే పరీచ్చ."

నాయనకు అర్థమైంది. నా భుజం పట్టుకుని కారు దిగి, నన్ను దూరంగా నిలబెట్టి, తను మాత్రం కారు పక్కనే నిలబడ్డాడు. "వెలిగించు అప్పా" అన్నాడు.

పూలమ్మే ఆవిడ దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు మేస్త్రి. మూడు పుల్లలు విరిగిపోయాయి. నాలుగోది అంటుకుంది. కర్పూరాన్ని వెనక చక్రం చాటున, గాలి తగలని చోట, నేలమీద పెట్టాడు. పక్కనే గొంతుకూర్చున్నాడు, బక్కెట్టు ఇసుకలో ఒక చెయ్యి పెట్టుకుని. మంట నిలువుగా లేచింది. కారు ఏమీ చేయలేదు. కర్పూరం మంచి వాసన వేస్తూ మెల్లగా కరగసాగింది.

అది ఆరిపోయేలోపల నాయన వంగి హారతి కళ్ళకద్దుకున్నాడు. "తీసుకో" అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి ఎడం చెయ్యి చాపాడు.

"ఆ చెయ్యి కాదప్పా."

ఇసుకలోంచి కుడిచెయ్యి బయటికి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. ముడుచుకోని ఆ అరచేతిని మంటమీదికి తెచ్చి, కళ్ళమీద పెట్టుకున్నాడు. కర్పూరం అయిపోయి, నేలమీద నల్లటి మరక మిగిలి, నాయన ఆయన భుజం మీద చెయ్యి వేసినా, ఆ చేతిని కళ్ళమీదనుంచి తీయలేదు.